రందికి మందు: జక్రాన్‌పల్లి నుండి నిజామాబాదు దాకా



ఆర్మూరు దాటి హైదరాబాదు వైపు వెళ్లేవారికి పెద్ద రోడ్డు మీద తగిలే మండల కేంద్రము జక్రాన్‌పల్లి. పాతవారు ఇప్పటికీ దీనిని ఏడో నంబరు రోడ్డు అనే అంటారు. ఇప్పుడు దాని సంఖ్య 44. నాగపూరు వైపు, హైదరాబాదు వైపు లారీలు రాత్రింబవళ్లు పోతూనే ఉంటాయి. రోడ్డు దిగి ఊళ్లలోకి పోతే పసుపు, మొక్కజొన్న, ఎర్రజొన్న, వరి. సంక్రాంతి తరువాత వచ్చినవారికి ఉడికించిన పసుపు కొమ్ముల వాసన ఊరి పొలిమేరలోనే ఎదురొస్తుంది. అరుగుల మీద ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టే తల్లులు కనబడతారు. చాలా ఇండ్లలో ఒక మనిషైనా దుబాయిలోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉంటాడు.

చూడడానికి పచ్చని సీమ. కాని ఏ ఇంట్లో ఎంత బరువు ఉన్నదో దారిన పోయేవారికి తెలియదు. పసుపు తొమ్మిది నెలల పంట. అన్ని నెలలు పెట్టుబడి పెట్టి, తవ్వి, ఉడికించి, ఆరబెట్టి నిజామాబాదు మార్కెట్టుకు తెచ్చిన రోజున ధర పడిపోతే ఆ రైతు ఇంటికి ఏ ముఖము పెట్టుకొని వెళ్లాలి? ఏజెంటుకు కట్టిన అప్పు తీరక ముందే గల్ఫులో ఉన్న భర్త ఫోను చేయడము మానేస్తే ఆ ఇల్లాలు ఎవరితో చెప్పుకోవాలి? బోధన్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినప్పుడు, జీతము ఆగిన ఇండ్లలో తండ్రులు ఆ రాత్రులు ఎట్లా గడిపి ఉంటారు?

ఇక్కడి మాటలలో మనసు బాధకు మంచి పేర్లు ఉన్నాయి. లోపల తొలిచే దిగులును రంది అంటారు. కారణము తెలియని భయాన్ని బుగులు అంటారు. రంది అందరికీ వస్తుంది, పోతుంది. కాని రెండు వారాలు దాటినా పోకుండా నిద్ర, ఆకలి, పని మీద ఇష్టము అన్నిటినీ తినివేస్తే అది జబ్బు. డాక్టర్లు దానినే డిప్రెషన్ అంటారు. చెబితే మానము పోయె, చెప్పకపోతే ప్రాణము పోయె అన్న సామెత ఈ జబ్బు విషయములో అక్షరాలా నిజము.

చెప్పలేక మనవారు ఏమి చేస్తారు? గాలి సోకిందని తాయెత్తు కడతారు. బాణామతి చేశారని పక్కింటివారి మీద నింద వేస్తారు. మగవారు కొందరు కల్లు దుకాణము దారి పడతారు. సంఘములలోనైతే, నీకు విశ్వాసము తక్కువైంది అని ఒక మాట అనేస్తాము. ఆ మాట విన్నవాడు మళ్లీ నోరు విప్పడు.

మాటతోనే నయము చేసే వైద్యము ఒకటి ఉన్నది. దానికి పద్ధతి ఉన్నది, రకాలు ఉన్నాయి, నేర్చినవారు ఉన్నారు. అది పట్నములో డబ్బున్నవారికే కాదు, జక్రాన్‌పల్లి మనిషికి కూడా బస్సు దూరములో దొరుకుతుంది. ఈ నెల మనము ఆ దారిలో వెళ్లి చూద్దాము.

డిచ్‌పల్లిలో ఒక పాఠము

జక్రాన్‌పల్లి నుండి అదే రోడ్డు మీద హైదరాబాదు వైపు వస్తే డిచ్‌పల్లి. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయము ఇక్కడే ఉన్నది. గుట్ట మీద పాత రామాలయము ఉన్నది. మన ప్రయాణానికి కావలసిన పాఠము మాత్రము విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి చరిత్రలో ఉన్నది.

స్కాట్లాండుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ 1907లో మిషనరీలుగా మన దేశానికి వచ్చారు. నిజామాబాదులో వైద్యము చేస్తుండగా కుష్ఠు రోగుల స్థితి వారిని కలచివేసింది. ఆ రోజులలో ఆ జబ్బు బయటపడితే ఇల్లు పోయేది, ఊరు పోయేది. కనుక రోగి దాచేవాడు, ఇంటివారు దాచేవారు. దాచినకొద్దీ జబ్బు ముదిరేది. ఈ ప్రాంతపు దాత, హిందువైన రాజా నర్సాగౌడ్ ధన సహాయము చేయగా 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి వెలసింది. తరువాతి సంవత్సరాలలో చాల్‌మోగ్రా నూనె ఇంజక్షన్లతో అక్కడ వైద్యము జరిగింది. ఇసబెల్ కెర్‌కు 1923లో కైసర్-ఇ-హింద్ పతకము వచ్చింది. ఆమె 1932లో కన్నుమూశారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులు కలిపి వాడే చికిత్సను సిఫారసు చేసిన తరువాత కుష్ఠు మాత్రలతో పూర్తిగా నయమయ్యే జబ్బు అయింది.

గమనించండి. మంచి మాత్ర రావడానికి ఎంతో ముందే అక్కడ ఒక పని జరిగింది. ఇది శాపము కాదు, జబ్బు. దాచవద్దు, రండి అని ఒక తలుపు తెరుచుకున్నది. ఆనాడు కుష్ఠు రోగి నిలిచిన చోట ఈనాడు మనసు జబ్బుతో ఉన్నవాడు నిలిచి ఉన్నాడు. అతని ఇంటివారు కూడా దాస్తున్నారు. పెండ్లి సంబంధాలు చెడిపోతాయని, పిచ్చివాడంటారని.

మాటల వైద్యములో రకాలు

డిచ్‌పల్లి నుండి నిజామాబాదు దారి పట్టే ముందు, అక్కడ ఏమి అడగాలో తెలుసుకోవడము మంచిది. కౌన్సెలింగ్ అంటే సలహా చెప్పడము అని చాలామంది అనుకుంటారు. సలహాలు ఇచ్చేవారు మన ఊళ్లలో తక్కువేమీ కాదు! యోబు స్నేహితులను తలచుకోండి. ఏడు దినములు అతని పక్కన నేల మీద మౌనముగా కూర్చున్నంతసేపు వారు మంచి స్నేహితులే. నోరు తెరిచి తప్పు నీదే అని వాదించడము మొదలుపెట్టిన తరువాతనే అతని గాయము మరింత పెద్దదైంది.

పందొమ్మిదవ శతాబ్దము చివర వియన్నా నగరములో ఫ్రాయిడ్ అనే వైద్యుడు రోగిని పడుకోబెట్టి, మనసులోకి వచ్చినదంతా చెప్పమని, ఏళ్ల తరబడి వినే పద్ధతిని మొదలుపెట్టాడు. ఇప్పుడు చాలామందికి అంత పొడుగు చికిత్స అవసరము రాదు. నేడు వాడుకలో ఉన్నవి ఇవి.

మొదటిది, వినే వైద్యము. అమెరికాకు చెందిన కార్ల్ రోజర్స్ మొదట న్యూయార్కులోని వేదాంత కళాశాలలో రెండేండ్లు చదివి, తరువాత మనస్తత్వ శాస్త్రానికి వచ్చాడు. తీర్పు తీర్చకుండా, నటించకుండా ఒకరు మనసు పెట్టి వింటే బాధపడే మనిషి తన దారి తానే వెదుక్కోగలడని ఆయన నేర్పాడు. మిగిలిన అన్ని పద్ధతులకు ఇది పునాది.

రెండవది, ఆలోచనను సరిచూసే వైద్యము. 1960లలో అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ దీనిని రూపొందించాడు. ధర పడిపోయిన రైతును అనుకోండి. పసుపు ధర పడింది అన్నది నిజము. కనుక నేను చేతకానివాడిని, నా పిల్లలకు నేను బరువు అన్నది ఆలోచన. బాధలో ఉన్న మనిషికి ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. కౌన్సెలరు అతనితో కూర్చొని, ఆ ఆలోచనకు రుజువు ఏమిటి, ఇంకొక విధముగా చూడవచ్చా అని నెమ్మదిగా అడుగుతాడు. ఇంటి దగ్గర రాసుకోవడానికి చిన్న పని ఇస్తాడు. చదువు రానివారితో మాటలలోనే చేయిస్తాడు. భయాలకు, పరీక్షల ఆందోళనకు కూడా ఇది బాగా పనికివస్తుంది.

మూడవది, పనిలోకి తిరిగి నడిపించే వైద్యము. రంది పట్టినవాడు మంచము దిగడు. దిగనికొద్దీ రంది పెరుగుతుంది. కనుక రోజుకు ఒక చిన్న పని, ఒక మనిషిని కలవడము, ఒక నడక అని గడియారము పెట్టి మళ్లీ మొదలుపెట్టిస్తారు. గోవాలో సంగాత్ అనే సంస్థ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో దీనిని పరీక్షించి చూసింది. వైద్యము చదవని స్థానికులకే శిక్షణ ఇచ్చి, ఒక్కొక్క రోగితో ఆరు నుండి ఎనిమిది సార్లు కూర్చోబెట్టారు. 2017లో ప్రచురించిన ఫలితాలలో, మూడు నెలలకు వీరిలో నూటికి 64 మంది డిప్రెషన్ నుండి తేరుకున్నారు. మామూలు వైద్యము మాత్రమే అందినవారిలో 39 మంది. అంటే మన ఊరి ఆశా కార్యకర్తలాంటి మనిషి కూడా శిక్షణ ఉంటే ఈ పని చేయగలదు.

నాలుగవది, సమస్యను విడదీసే వైద్యము. ఆఫ్రికాలో జింబాబ్వే దేశపు వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో హరారే నగరములో దీనిని ఒక బెంచీ మీద మొదలుపెట్టాడు. ఆసుపత్రి ఆవరణలో చెక్క బెంచీ. దాని మీద శిక్షణ పొందిన ఒక అవ్వ. అక్కడివారు రందిని, ఎక్కువగా ఆలోచించడము అనే అర్థమిచ్చే మాటతో పిలుస్తారు. అవ్వ ఆ మాటతోనే మొదలుపెట్టి, నీ కష్టాలన్నీ చెప్పు అంటుంది. తరువాత అందులో ఒక్కదానిని ఎంచుకొని, ఈ వారము దీనికి ఏమి చేద్దాము అంటుంది. అప్పు, కోడలి పోరు, కొడుకు తాగుడు అన్నీ ఒకేసారి మీద పడ్డ మనిషికి ఇది చాలా ఊరట.

ఐదవది, బంధాలను చక్కబెట్టే వైద్యము. ఆప్తులు చనిపోయిన దుఃఖము, భార్యాభర్తల తగవు, బతుకులో వచ్చిన పెద్ద మార్పు - వీటి మీద పన్నెండు నుండి పదహారు వారాలు పని చేస్తారు. ఏండ్ల తరబడి గల్ఫులో ఉండి తిరిగి వచ్చిన భర్త, అతడు లేకుండా ఇల్లు నడపడము నేర్చుకున్న భార్య, తండ్రిని గుర్తుపట్టని పిల్లలు - ఇటువంటి ఇండ్లకు ఇది తగినది.

ఆరవది, కుటుంబముతో కలిపి చేసే వైద్యము. వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల వారి మానసిక ఆరోగ్య కేంద్రము 1957 నుండి ఉన్నది. అక్కడ రోగితోపాటు ఇంటివారు కూడా ఉండాలి. జబ్బు గురించి వారికీ నేర్పుతారు. కాపలాగా కాదు, వైద్యములో భాగస్తులుగా.

ఏడవది, గుంపులో మాట్లాడే వైద్యము. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడై తాగుడు మానడముతో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది. ఒకే కష్టము పడినవారు వలయముగా కూర్చొని పేరు బయటపెట్టకుండా చెప్పుకుంటారు.

నిజామాబాదులో ఎవరిని అడగాలి

బస్సు దిగి ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్దాము. 2013లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. దానికి అనుబంధముగా ఉన్న ఈ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము ఉన్నది. మిగిలిన జబ్బులకు వలెనే ఓపీ చీటీ తీసుకొని వెళ్లవచ్చు. మనసు జబ్బు అని వరుసలో గట్టిగా చెప్పనక్కరలేదు. మానసిక విభాగము ఎక్కడ అంటే చాలు.

ఇక్కడ మూడు రకాల మనుషులను వేరుగా గుర్తించాలి. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. తరువాత మానసిక వైద్యము చదివిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పైన చెప్పిన మాటల వైద్యములో శిక్షణ పొందినవారు. వీరి పేరు భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. కౌన్సెలరు అనే పేరు మాత్రము ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. కనుక ప్రైవేటుగా వెళ్లేవారు మొహమాటము లేకుండా అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మీరు ఏమి చదివారు? ఏ పద్ధతిలో చేస్తారు? సుమారు ఎన్నిసార్లు రావాలి? ఒక్కసారికి ఎంత? నేను చెప్పినది ఎవరికైనా చెబుతారా? నాలుగైదు సార్లు వెళ్లినా మార్పు లేకపోతే ఏమి చేద్దాము? మంచి కౌన్సెలరు ఈ ప్రశ్నలకు కోపము తెచ్చుకోడు. వారము రోజులలో అంతా నయము చేస్తానన్నవాడిని, దెబ్బ కొట్టి దయ్యము వదిలిస్తానన్నవాడిని నమ్మకండి.

జిల్లా కేంద్రము దాకా రాలేనివారు మండలములోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రము డాక్టరుకు చెప్పవచ్చు. ఆయన పైకి రాసి పంపుతారు. భర్త కొట్టడము, వేధింపులు ఉన్న స్త్రీలకు సఖి కేంద్రము ఉన్నది. ఫోను నంబరు 181. పిల్లల కొరకు 1098. అందరికన్న దగ్గరిది టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు ఫోను చేయాలి. పగలైనా రాత్రైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు లేదు. బీడీలు చుట్టే తల్లి అరుగు మీది నుండి లేవకుండానే మాట్లాడవచ్చు.

చట్టము కూడా మన వైపే ఉన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము వైద్యము పొందే హక్కును, విషయము గుట్టుగా ఉంచే హక్కును ఇచ్చింది. ప్రాణము తీసుకోబోయి బతికిన మనిషిని తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలని చెప్పింది. కనుక పోలీసు కేసు భయముతో అటువంటివారిని దాచి ఉంచవద్దు.

మాట ఒక్కటే చాలనప్పుడు

ఎవరూ లేనిచోట మాటలు వినబడటము, అందరూ తనను చంపాలని చూస్తున్నారనే అనుమానము, రాత్రులు నిద్ర లేకుండా అంతులేని హుషారు, బాలింత తల్లి బిడ్డను చూడకపోవడము - వీటికి ముందు డాక్టరు, మందులు. మాటల వైద్యము తరువాత తోడు.

కల్తీ కల్లు సంగతి మన జిల్లావారికి చెప్పనక్కరలేదు. క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, అల్ప్రాజోలాం కలిపిన కల్లుకు అలవాటు పడిన శరీరము, అది ఒక్కసారిగా ఆగితే తట్టుకోలేదు. 2015లో కల్తీ మీద దాడులు జరిగి సరుకు ఆగినప్పుడు వణుకుతో, మూర్ఛలతో, మతి చెదిరి ఎంతోమంది ఆసుపత్రులకు చేరారు. కనుక రేపటి నుండి మానెయ్ అని ఒట్టు వేయించి వదలివేయకండి. డాక్టరు చూపులో మెల్లగా మాన్పించాలి. ఆ తరువాతనే కౌన్సెలింగ్, గుంపు కూడికలు.

నేను పోతే అందరికీ మంచిది అని ఎవరైనా అంటే, తేలికగా తీసుకోకండి. చనిపోవాలని అనిపిస్తున్నదా అని సూటిగా, ప్రేమగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడగడము వలన మనసు తెరుచుకుంటుంది. అతనిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో లేకుండా వేరేచోట తాళము వేసి పెట్టండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి, లేదా 14416కు ఫోను చేయండి.

సంఘము చేయదగిన పని

లండనులో చాడ్ వారా అనే ఆంగ్లికన్ పాదిరి 1953లో తన ఆలయములో ఒక టెలిఫోను పెట్టి, చనిపోవాలనిపించినవారు ముందు మాకు ఫోను చేయండి అని ప్రకటించాడు. ఆయన చిన్న వయసులో చేసిన మొదటి సమాధి కార్యము తన ప్రాణము తానే తీసుకున్న పద్నాలుగేండ్ల బాలికది. ఫోను పెట్టిన తరువాత చాలామంది ఆయనను చూడడానికి వచ్చి బయట కూర్చునేవారు. వారికి టీ ఇచ్చి కబుర్లు వినడానికి సంఘములోని మామూలు మనుషులు కొందరు వచ్చారు. వింతేమంటే, వారితో మాట్లాడిన చాలామందికి పాదిరి గారితో పని లేకుండానే బరువు దిగింది. మరుసటి సంవత్సరమే ఆ పని మొత్తము వారికి అప్పగించాడు. సమారిటన్స్ అనే సంస్థ అట్లా పుట్టింది.

మన సంఘములలో ఈ పనికి మనుషులు ఉన్నారు. స్త్రీల సమాజములో మాట బయటపెట్టని పెద్దమ్మ ఒకరుంటారు. పొలము కష్టము ఎరిగిన సంఘ పెద్ద ఒకరుంటారు. వారికి మూడు సంగతులు నేర్పితే చాలు. తొందరపడి సలహా ఇవ్వకూడదు. విన్నది సాక్ష్యముగానైనా, ప్రార్థన విన్నపముగానైనా ఇంకొకరి చెవిన వేయకూడదు. తమ వల్ల కానిది ఎక్కడికి పంపాలో తెలిసి ఉండాలి. పాస్టరు గారు ప్రకటనల పలక మీద 14416, 181 నంబర్లు రాసి పెట్టవచ్చు. ఆశా కార్యకర్తను ఒక ఆదివారము పిలిచి మాట్లాడించవచ్చు.

ప్రార్థన వద్దని కాదు. చనిపోవాలని కోరుకున్న ఏలీయాను దేవదూత మందలించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ పెట్టాడు. దేవుడు అతనితో మాట్లాడినది ఆ తరువాత. అలసిన మనిషికి ముందు ఏది కావాలో ఆ వరుస మనకు నేర్పుతున్నది.

మీ వీధిలో పది దినములుగా ఆరాధనకు రాని, పొలము పోని, అరుగు మీదికి కూడా రాని మనిషి ఒకరు ఉండవచ్చు. ఈ వారము వెళ్లి ఆయన పక్కన కూర్చోండి. ఎక్కువ మాట్లాడకండి. ఆయన నోరు విప్పితే వినండి. ఆసుపత్రికి వెళ్దామా, నేను కూడా వస్తాను అని అడగండి. జక్రాన్‌పల్లి నుండి నిజామాబాదుకు బస్సులో ఒంటరిగా ఎక్కలేని ఆ మనిషి, పక్క సీటులో మీరు ఉంటే ఎక్కుతాడు.